కొండగోగు పువ్వుకు రేకులెన్ని?

నంద్యాలలో ఎవరినైనా ఆపి నల్లమల ఎటుందని అడగండి, తూర్పుకు చెయ్యి చూపిస్తారు. మార్చి నెలలో పోయి చూశారా అని అడిగితే మాత్రం, ఆ ఎండలో అక్కడేముందని మనల్నే ఎదురు ప్రశ్నిస్తారు. ఊటీ పోయి పూలు చూసొచ్చినవాళ్లు మా పేటలో ముగ్గురున్నారు. ఆ పూల ఫొటోలు వాళ్ల ముందుగదుల్లో వేలాడుతున్నాయి. మన కొండ మీది పువ్వు ఫొటో ఏ ఇంట్లోనూ లేదు. ఈ మంట నాకు చాలా ఏళ్లుగా కడుపులో ఉంది.

అందుకే ఈ ఏడు నేను పోయాను. పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చిన ఒక్కరోజు ప్రయాణం. వచ్చినప్పటి నుంచి ఇంట్లో దాని గురించే చెబుతున్నాను. మా ఆయన ఇప్పుడు నేను నోరు తెరవగానే పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు. కాబట్టి మీకు చెబుతాను.

పగిలిన తొట్టి

ముందు ఒక గొడవ చెప్పాలి. మా పేట చర్చిలో పిల్లలకు బాప్తిస్మమిచ్చే సిమెంటు తొట్టి పగిలిపోయింది. కొత్తది రాతితో చేయించాలని అందరూ ఒప్పుకున్నారు. ఆళ్లగడ్డ శిల్పులను ఇంత దగ్గర పెట్టుకుని ఇంకో మాట ఎవరంటారు? పేచీ వచ్చింది అంచు మీద చెక్కించే పువ్వు దగ్గర. తామర గుళ్లలో పువ్వు, మనకు పనికిరాదన్నారు కొందరు. మా సంఘపెద్ద ఒకాయన మద్రాసు నుంచి వచ్చిన బొమ్మల పుస్తకం తెరిచి లిల్లీ పువ్వు చూపించాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈ పువ్వును ఈడ ఎవరన్నా చూసినారా? ఈస్టరు వచ్చేసరికి మన కొండ మీద కొండగోగు బంగారం మాదిరి పూస్తాదే, అది పువ్వు గాదా?" అన్నాను.

మా నాయన సువార్త చెప్పడానికి కొండ కింది పల్లెలు కాలినడకన తిరిగేవాడు. పదేళ్ల వయసులో ఆయన వెంట పోయినప్పుడు నేను ఆ చెట్టును చూశాను. ఆ పూల పసుపు తప్ప ఇంకేమీ గుర్తులేదు. పెద్దలు చాలాసేపు గుసగుసలాడి, ఈస్టరు లోపల చెక్కించి తెస్తే సరే అన్నారు. తేలేకపోతే లిల్లీ పూల సిమెంటు తొట్టి మద్రాసు నుంచి వస్తుంది. ఈస్టరుకు నెలన్నర ఉంది.

ఆళ్లగడ్డలో ఓబులాచారి అనే శిల్పికి పని ఒప్పజెప్పాను. ముప్పై ఏళ్ల మనిషి, మంచి చెయ్యి. అతను మొదట అడిగింది, "రేకులెన్ని టీచరమ్మా?" అని. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు మా ఉపాధ్యాయులకు తక్కువ, నాకు బొత్తిగా లేదు. "ఎనిమిది" అన్నాను. చూడకుండా చెక్కడం తన వల్ల కాదనీ, పూత మొదలైనాక ఒకసారి తీసుకుపోయి చూపించమనీ అడిగాడు. అదీ ఈ ప్రయాణం.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ

తెల్లవారి మొదటి బస్సు. టికెట్టు రెండున్నర రూపాయలు. నా పక్కసీట్లో బుట్టనిండా కోళ్లు, వాటి యజమానికి సీటు లేక నిలబడ్డాడు. దారి పొడుగునా నల్లరేగడి చేలు. శనగ పీకేశారు, జొన్న కోతలు నడుస్తున్నాయి. కె.సి. కాలువ దగ్గర మాత్రం పచ్చగా ఉంది. ఎందుకు పోతున్నానని కండక్టరు అడిగాడు. చెప్పాను.

"పూలు చూసేదానికి దుడ్లు పెట్టి టికెట్టు తీసుకునేవాళ్లను ఇప్పుడే చూస్తాండా టీచరమ్మా" అన్నాడు.

"ఊటీకి పోయేవాళ్లను అడుగుతావా ఈ మాట?" అన్నాను. అతను నవ్వి ముందుకు పోయాడు.

ఆళ్లగడ్డలో శిల్పుల వీధి చెవులతోనే తెలుస్తుంది. పొద్దున్నే ఉలి మీద సుత్తి పడే చప్పుడు ప్రతి పందిరి కింద నుంచీ వస్తుంది. ముక్కు పూర్తయి కళ్లు తెరవని దేవుళ్లు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటారు. కళ్లు చెక్కడం చివరి పని, దానికి ముహూర్తం ఉంటుంది. మన దగ్గర ఇంత పని జరుగుతోందని నంద్యాలవాళ్లకే సరిగా తెలియదు, ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో వచ్చి విగ్రహాలు పట్టుకుపోతున్నారు.

ఓబులాచారి నన్ను చూడగానే గోనెసంచి తీసి రాయి చూపించాడు. నల్లరాయి, గుండ్రంగా దిగింది. అంచంతా ఒకే పువ్వయ్యేట్టు కొలతాడు పెట్టి, రేకుకొకటి చొప్పున సమానంగా ఎనిమిది చోట్ల గాట్లు కొట్టి పెట్టాడు. ఒక్కో గాటులో గోరు మునుగుతుంది.

"నువ్వు ఎనిమిదంటివి గదా, భాగాలు ఏసి పెట్టినా. ఇంక రేకు వంపు చూస్తే సాలు" అన్నాడు సంతోషంగా. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఎనిమిదే అయి ఉండొచ్చు కదా అనుకున్నాను.

అతని తండ్రి వీరాచారి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ వీధిలో సగంమందికి ఆయనే గురువు. నాకు నమస్కారం పెట్టి, సూటిగా విషయానికి వచ్చాడు.

"అమ్మా, దేవుని బొమ్మకు మా తాతలు కొలత ఇచ్చి పోయినారు. తామరకు ఇచ్చినారు. ఈ అడవి పువ్వుకు కొలత ఎవరిచ్చినారు? కొలత లేంది మా ఇంట్లో ఉలి ముట్టదు. పోయి చూసి రాండి. కొలతకొస్తే చెక్కనిస్తా. రాకుంటే మీ రాయి మీరు తీసుకపోండి."

ఓబులాచారి తల దించుకుని చెప్పులు వేసుకున్నాడు. చర్చి పని ఒప్పుకున్నందుకు వీధిలో అప్పటికే అతన్ని ఎగతాళి చేస్తున్నారట. ఆ సంగతి బస్సెక్కినాక చెప్పాడు.

రుద్రవరం ఉగ్గాని

రుద్రవరంలో దిగి బస్సు కదిలిపోయినాక ఓబులాచారి లబోదిబోమన్నాడు. అతని క్యారియరు సీటు కింద ఉండిపోయింది. నాలుగు గిన్నెల్లో చిత్రాన్నం, పెరుగన్నం, చెనిక్కాయల పొడి, ఇంకేమిటో. అతను ఇల్లు దాటితే వేరేవాళ్లు వండింది తినడు. బస్సు రేగ్గొట్టిన దుమ్ము వంక చాలాసేపు చూశాడు.

నాకు ఆ పట్టింపు లేదు. బస్సులు ఆగే చోట పూరిపాకలో ఒకామె ఉగ్గాని చేస్తోంది. మరమరాలను మేం బొరుగులంటాం, వాటిని నీళ్లలో తడిపి గట్టిగా పిండి, పసుపు, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తుంది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అర్ధరూపాయి. నంద్యాల హోటళ్లలో ఇంతకు రెట్టింపు తీసుకుని ఇందులో సగం కారం కూడా వేయరు. నేను కళ్లు తుడుచుకుంటూ తిన్నాను. ఓబులాచారి రెండు అరటిపండ్లు తిని పక్కకు తిరిగి కూర్చున్నాడు.

కొండగోగు చూడాలన్నామని తెలిసి ఆ పాక ఆమె, "మీకు మా గురవమ్మే దొరికింది పో" అని ఒక మనిషిని పిలిచింది. చెంచు మనిషి, నా వయసే ఉంటుంది. తేనె అమ్ముకుని గూడేనికి తిరిగి పోతోంది. వీపున ఖాళీ బుట్ట, చేతిలో గొడ్డలి.

"కొండగోగు చూసి ఏం జేస్తారక్కా? బంక ఇంకా రాలేదే" అంది. ఆమెకు ఆ చెట్టంటే బంక. దాన్ని గీరి తెచ్చి అమ్మితేనే ఎండాకాలం గడుస్తుంది.

"బంక గాదమ్మా, పువ్వు చూడాల" అన్నాను.

ఆమె మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. "బేగా నడవండి అయితే. పొద్దెక్కితే కాళ్లు కాల్తాయి" అంది.

కొండ కింద

ఎండిన వాగు వెంబడి నడిపించింది. మోదుగలు ఎర్రగా పూసి ఉన్నాయి. ఇప్పచెట్ల కింద నేలను ఊడ్చి శుభ్రంగా పెట్టుకున్నారు, తెల్లారి రాలే పూలు ఏరుకోవడానికి. మన వాకిళ్లు అంత నున్నగా ఉండవు. నేను మా తమ్ముడి కెమెరా తెచ్చుకుని కనిపించినదల్లా ఫొటో తీశాను. మొత్తం పన్నెండు. ఇంటికొచ్చాక తెలిసింది, లోపల రీలు తిరగనేలేదట. మీరు నా మాట నమ్మడం తప్ప వేరే దారి లేదు.

వాగు మలుపు తిరిగాక గురవమ్మ ఆగి, గొడ్డలి పిడితో పైకి చూపించింది.

కొండవాలు మీద పాతికకు పైగా చెట్లు. ఏ చెట్టుకూ ఆకు లేదు. బూడిదరంగు కొమ్మల చివర అరచెయ్యంత పసుపు పూలు, వెనక నీలంగా ఆకాశం. కింద బండల మీద, ఇసుక మీద రాలిన పూలు, ఒక్కటీ నలగకుండా. ఇంత రాతినేలలో, ఒక్క చుక్క నీళ్లు లేని నెలలో, ఎవరూ పాదు చేయకుండా, ఎవరూ చూడకుండా ఇవి ఇట్లా ప్రతి ఏడూ పూస్తున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా సీమకు ఏముందని అడిగినవాళ్లందరినీ ఆ నిమిషంలో అక్కడ నిలబెట్టాలనిపించింది. అంత గర్వం నా పెళ్లినాడు కూడా పడలేదు.

అందుకుని ఒక కొమ్మ వంచబోయాను. గురవమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కొయ్యగూడదక్కా. పూసిన చెట్టు మీద మేం చెయ్యి ఎయ్యం. పూలు అయిపోయేదాక గొడ్డలి గూడ పెట్టం. కింద ఉండాయి గదా, కావల్సినన్ని ఏరుకో."

మా బడి తోటలో 'పూలు కోయరాదు' అని పలక కట్టి, దాని కిందే రోజూ పూలు కోసి జడలో పెట్టుకునేదాన్ని నేను. సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లెక్క

ఓబులాచారి రాలిన పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకుని వేలితో రేకులు తాకుతూ పోయాడు. దాన్ని కింద పెట్టి ఇంకోటి తీశాడు. ఆ తర్వాత ఇంకోటి.

"టీచరమ్మా, ఐదే ఉండాయి."

"ఆ చెట్టు గూడా చూద్దాం పా" అన్నాను. చూడండి నా బుద్ధి. చెట్టు మారితే రేకులు మారతాయా? ఏడెనిమిది చెట్ల కింద వెతికాం. ఎక్కడ చూసినా ఐదే.

"ఎనిమిదని నీకెవరు చెప్పినారు?" అని అడిగాడు.

"ఎవరూ చెప్పలా. నాకు తెలీదు. తెలీకనే చెప్తి."

అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వాగు ఇసుకలో చతికిలబడి తల పట్టుకున్నాడు. "గాట్లు పడిపోయినాయి గదమ్మా. అరగదీస్తే అంచు నిలబడదు. ఇంకో రాయి యాడ తెస్తావ్, ఎప్పుడు తెస్తావ్? ఈ మాట మా నాయనకు ఎట్ల చెప్పాల నేను? వీధిలో తలెట్ల ఎత్తాల?"

ఇరవయ్యేళ్లుగా లెక్కలు తప్పినందుకు పిల్లల్ని గోడకుర్చీ వేయించినదాన్ని. ఒక పువ్వును లెక్కపెట్టకుండా ఒక మనిషి పనిని, పరువును పాడుచేశాను. లిల్లీ పూల తొట్టి మద్రాసు నుంచి బయల్దేరినట్టే అనిపించింది.

గురవమ్మకు ఇదంతా వింతగా ఉంది. "ఏందప్పా, పువ్వును చూసి ఏడుస్తాండావ్?" అంది. అతను ఇసుక మీద పుల్లతో గుండ్రంగా గీసి, దాని అంచున ఎనిమిది గుర్తులు పెట్టి చూపించాడు. ఇక్కడ ఎనిమిది రేకులు రావాలని రాయి కోశామనీ, ఈ పువ్వుకేమో ఐదే ఉన్నాయనీ చెప్పాడు.

ఆమె ఆ గీత చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇంత పెద్ద రాతికి ఒక్క పువ్వేనా?" అంది. చెట్టు కిందికి పోయి ఒడినిండా పూలు ఏరుకొచ్చింది. వంగి, ఒక్కో గుర్తు మీద ఒక్కో పువ్వు పెట్టుకుంటూ పోయింది. ఒకటి వెల్లకిలా, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి బోర్లా, ఎట్లా చేతికొస్తే అట్లా. "నేల మీద ఇట్లనే గదా పడింటాయి" అంది.

ఓబులాచారి మోకాళ్ల మీదికి లేచాడు. గీత చుట్టూ మోకాళ్ల మీదే తిరిగాడు. "గాటు పువ్వు నడుమకొస్తాది. కేసరాల కింద కనబడదు. ఎనిమిది పూలు. ఐదెనిమిదులు నలభై రేకులు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "పని ఎనిమిదింతలు అయిపాయ గదా టీచరమ్మా" అన్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

కొలతాడు తీసి పని మొదలుపెట్టాడు. రేకు పొడుగు, వెడల్పు, కేసరాల గుత్తి ఎత్తు, అన్నీ దారానికి ముడులు వేసి పెట్టుకున్నాడు. గంటన్నర పట్టింది. నేను నీడ పట్టుకుని కూర్చుని, ఎవరూ అడగకపోయినా రేకులు మళ్లీ లెక్కపెట్టాను.

గురవమ్మ ఇంట్లో

ఆమె గుడిసెలో జొన్నరొట్టె పెట్టింది. పిండిలో ఉడకబెట్టి నూరిన ఇప్పపూలు కలిపి చేసింది, తియ్యగా, కొంచెం పొగవాసనతో ఉంది. పక్కన చింతపండు కారం. మన ఇళ్లలో రొట్టెకు తీపి కలిపితే పండగ అంటాం, వాళ్లకు ఇది రోజూ తిండి. ఓబులాచారి గుమ్మం బయట నిలబడ్డాడు. గురవమ్మ బలవంతం చేయలేదు, ఒక ఆకులో రొట్టె పెట్టి అతని పక్కన బండమీద ఉంచి లోపలికొచ్చింది. కాసేపటికి నేను తొంగిచూస్తే ఆకు ఖాళీగా ఉంది.

"ఇంకొకటి ఉండాదా?" అని లోపలికి వినబడేట్టు అడిగాడు.

తేనె సీసా ఆరు రూపాయలంది. అలవాటుకొద్దీ బేరమాడబోయి నోరు మూసుకున్నాను. ఎనిమిది పూలను తడిగుడ్డలో చుట్టి మాకిచ్చింది. ఈస్టరుకు వచ్చి చూడమన్నాను. అప్పటికి బంక పని మీదుంటామంది, తొట్టి ముందే అయితే వస్తానంది.

మళ్లీ ఆళ్లగడ్డ

పొద్దు వాలేవేళకు శిల్పుల వీధికి చేరాం. వీరాచారి పొద్దున చూసిన అరుగు మీదే ఉన్నాడు. ఓబులాచారి గుడ్డ విప్పి, రాతి అంచు మీద ఎనిమిది పూలూ పెట్టాడు. పక్క పందిళ్లలోవాళ్లు సుత్తులు పక్కన పెట్టి మూగారు. పెద్దాయన లేచి వచ్చి ఒక పువ్వు మీదికి వంగాడు.

"ఐదు" అన్నాడు. తర్వాత గాట్లు చూశాడు. "ఎనిమిదని చెప్పింది ఎవరు?"

"నేనే నాయనా, సరిగ్గా ఇనకుండా..." అని ఓబులాచారి మొదలుపెట్టాడు. ఆ మాట అతను పూర్తిచేస్తే నేను మళ్లీ ఆ వీధిలో కాలు పెట్టలేను.

"కాదు పెద్దాయనా, నేను చెప్పినా. తెలీదని చెప్పేదానికి నామోషీ అయి ఎనిమిదని చెప్పినా. మీవాడు నా మాట నమ్మి కొట్టినాడు" అన్నాను. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. పెద్దాయన అటు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆయన కొడుకువైపు తిరిగాడు. "కొలత దొరికిందా?"

ఓబులాచారి ముడుల దారం చేతికిచ్చాడు. "దొరికింది నాయనా. ఐదు రేకులూ ఒకటే అంతరం. గుత్తి ఎత్తు రేకులో సగం. పెద్ద పువ్వుకూ చిన్న పువ్వుకూ అదే లెక్క. ఏ చెట్టు కిందా తప్పలేదు."

పెద్దాయన దారాన్ని ముడి తర్వాత ముడి వేళ్లతో తడుముకుంటూ పోయాడు. చివరికొచ్చి మళ్లీ మొదలుకు పోయాడు.

"అయితే కొలత ఇచ్చినోడు ఉండాడు" అన్నాడు. దారం కొడుకు భుజం మీద వేశాడు. "పూలు వాడిపోతాండాయి. ఇంకా చూస్తాండావేంది, ఉలి తియ్."

నేను నంద్యాల బస్సెక్కేసరికి ఆ పందిరి కింద సుత్తి చప్పుడు మొదలైంది. దారంతా నవ్వుకుంటూనే వచ్చాను, పక్కసీటాయన ఏమనుకున్నాడో తెలియదు.

ఇది రాయడానికి ముందు మొన్న శనివారం మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. ఈసారి మా సంఘపెద్ద కూడా వచ్చాడు, బొమ్మల పుస్తకం ఇంట్లో పెట్టి. ఆరు పూలు పూర్తయ్యాయి. ఒకటి వెల్లకిలా, ఒకటి ఒరిగి, గురవమ్మ ఎట్లా పెట్టిందో అట్లాగే రాతిమీద రాలి ఉన్నాయి. సంఘపెద్ద ఒక రేకు మీద వేలు ఆనించి, చాలాసేపు తీయలేదు. "ఎన్ని రేకులు టీచరమ్మా దీనికి?" అని అడిగాడు.

ఉండండి అన్నాను. ఆరు పూలనూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆ తర్వాతే చెప్పాను, ఐదని.